రిటైరయ్యాక విదేశంలో స్థిరపడితే వైద్యం ఖర్చుకు ఏ ఏర్పాటు మంచిది? మెడికేర్ ఉంచుకోవాలా, వదులుకోవాలా?

వలసపక్షి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా పెదనాన్నకు 67, పెద్దమ్మకు 62. ఇద్దరూ అమెరికాలో రిటైరయ్యారు. వచ్చే ఏడాది స్పెయిన్‌కో థాయిలాండ్‌కో మకాం మార్చాలని చూస్తున్నారు. పెదనాన్నకు షుగరూ బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, రాత్రిపూట గ్లార్జిన్ ఇన్సులిన్, లోసార్టాన్ వాడతారు. పెద్దమ్మకు థైరాయిడ్ మాత్ర ఒక్కటే. ఆయనకు మెడికేర్ (65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్) పార్ట్ ఏ, పార్ట్ బీ ఉన్నాయి. ఏ అంటే ఆస్పత్రి ఖర్చుకు, బీ అంటే డాక్టర్ ఫీజులకు. వాటిమీద ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకున్నారు. ఆవిడది మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఎవరికివాళ్లు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదికలో కొన్న ప్లాన్.

అడగాల్సినవి ఇవి. మెడికేర్ అక్కడ పనికొస్తుందా? రాకపోతే పార్ట్ బీ ప్రీమియం దండగే కదా, మానేయొచ్చా? షుగర్ ఉన్న 67 ఏళ్ల మనిషికి ఎలాంటి ఇన్సూరెన్స్ దొరుకుతుంది? మందులు ఎలా పట్టుకెళ్లాలి? అర్ధరాత్రి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే డబ్బు ఎవరు కడతారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

లెక్కలపుస్తకం:

వలసపక్షి గారూ, ముందు మెడికేర్ సంగతి తేల్చుకోండి. మిగతావి ఎప్పుడైనా సర్దుకోవచ్చు, ఇక్కడ తొందరపడితే ఆ భారం జీవితాంతం మోయాలి.

అమెరికా దాటితే మెడికేర్ దాదాపు ఏమీ కట్టదు. మినహాయింపులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అవీ సరిహద్దు దగ్గరి ఎమర్జెన్సీలాంటివి. మెడికేర్ వదిలేసిన వాటాను కట్టే ప్రైవేటు మెడిగ్యాప్ పాలసీల్లో సీ, డీ, ఎఫ్, జీ, ఎమ్, ఎన్ రకాలకు విదేశీ ఎమర్జెన్సీ కవరేజీ ఉందని చెబుతారు. నిజమే, కానీ అది ప్రయాణం మొదలైన తొలి 60 రోజులకే. 250 డాలర్ల డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టేది) పోగా 80 శాతం ఇస్తారు, జీవితకాలం మొత్తానికి 50,000 డాలర్లు పరిమితి. విహారయాత్రకు సరిపోతుంది, కాపురానికి సరిపోదు. అడ్వాంటేజ్ ప్లానూ, మందుల పార్ట్ డీ అయితే ఆ ప్లాన్ పనిచేసే ప్రాంతంలో నివాసం ఉంటేనే నడుస్తాయి. దేశం మారితే అవి పోతాయి. మిగిలేవి ఏ, బీ.

ప్రీమియం లేకుండా వచ్చిన పార్ట్ ఏని కదపొద్దు. పార్ట్ బీ మానేయడానికి సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్ విభాగం) వాళ్ల దగ్గర సీఎంఎస్-1763 ఫారం ఉంటుంది. అక్కడ సంతకం పెట్టేముందు రెండు విషయాలు ఆలోచించాలి.

ఒకటి జరిమానా. బీ లేకుండా గడిచిన ప్రతి పూర్తి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం పెరుగుతుంది. ఆరేళ్లకు తిరిగొస్తే 60 శాతం ఎక్కువ, అదీ ఒక ఏడాదికి కాదు, బీ ఉన్నంతకాలం.

రెండోది ఇంతకంటే పెద్దది, చాలామంది లెక్కలోకి తీసుకోనిది. తిరిగి చేరేందుకు జనవరి 1 నుంచి మార్చి 31 వరకే తలుపు తెరుస్తారు, చేరిన మరుసటి నెల నుంచి కవరేజీ మొదలవుతుంది. ఏప్రిల్లో పెద్ద జబ్బు బయటపడి విమానమెక్కి వచ్చేస్తే వచ్చే ఫిబ్రవరి దాకా బీ ఉండదు. ఏ ఉందిగా అనుకుంటారు. ఏ కట్టేది ఆస్పత్రి గదికి, నర్సింగుకి. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, బయటి రోగిగా చేసే స్కానింగులు, కీమో, ఇవన్నీ బీ కిందికి వస్తాయి.

నా సలహా అయితే, అక్కడ నిజంగా స్థిరపడ్డామని తేలేదాకా, కనీసం రెండేళ్లు, బీ కడుతూనే ఉండమంటాను. అది అక్కడి వైద్యానికి కట్టే డబ్బు కాదు, వెనక్కి వచ్చే దారి మూసుకోకుండా ఉంచుకోవడానికి కట్టే డబ్బు.

పెద్దమ్మగారికి 65 నిండే వేళకు మొదటిసారి చేరే గడువు ఏడు నెలలు: పుట్టిన నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు. విదేశంలో ఉన్నా ఇది ఆగదు. కొన్ని అమెరికా ఎంబసీల్లో ఉండే ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ ద్వారా పని జరుగుతుంది. 65 కంటే ముందే తిరిగొచ్చేస్తే, విదేశం నుంచి మకాం మార్చినవాళ్లకు మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవడానికి 60 రోజుల ప్రత్యేక గడువు ఉంది. దాన్ని జారవిడిస్తే మళ్లీ అందరితోపాటు ఏడాది చివరి గడువు దాకా ఆగాలి.

---

రెండుతీరాలు:

మెడికేర్ గురించి పైన బాగా చెప్పారు. రెండు దేశాల సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఈ రెండింటి పద్ధతి ఒకదానికొకటి పొంతన లేదు.

స్పెయిన్‌లో పని చేయకుండా నివాసం ఉండే వీసాకు, అంటే నాన్ లూక్రటివ్ వీసాకు, ప్రైవేటు ఇన్సూరెన్స్ తప్పనిసరి. స్పెయిన్‌లో అనుమతి ఉన్న కంపెనీదై ఉండాలి, కో-పే (చికిత్స చేయించుకున్న ప్రతిసారీ మనం కట్టే వాటా) ఉండకూడదు, కొన్ని నెలలు ఆగాకే కొన్ని చికిత్సలు అనే షరతులు ఉండకూడదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం పెడితే దరఖాస్తు తిరిగొస్తుంది. అక్కడి కంపెనీలు ఆరోగ్య ప్రశ్నావళి నింపమంటాయి. ఇన్సులిన్ వాడే మనిషిని కొన్ని తీసుకోవు, 70 దాటిన కొత్తవాళ్లను చాలా కంపెనీలు తీసుకోవు. అందుకే విమాన టికెట్లు, ఇల్లు అద్దె అనకముందే పెదనాన్నగారికి పాలసీ ఇచ్చే కంపెనీ ఒకటి ఉందని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వీసా పని మొత్తం అక్కడే ఆగిపోగలదు.

స్పెయిన్‌లో మంచి విషయం ఏడాది తర్వాత వస్తుంది. మున్సిపాలిటీ జనాభా పట్టీని పాద్రోన్ అంటారు. దాంట్లో పేరుండి ఏడాది నివాసం పూర్తయితే, వేరే ఏ దారిలోనూ ప్రభుత్వ వైద్యానికి హక్కు లేనివాళ్లు ‘కోన్వేనియో ఎస్పెసియాల్’ అనే ఒప్పందంతో అందులో చేరొచ్చు. 65 లోపువాళ్లకు నెలకు 60 యూరోలు, 65 నిండినవాళ్లకు 157. పాత జబ్బులున్నా కాదనరు. షుగర్ ఉన్న మనిషికి ఇది వరం లాంటిది. ఒక లోటుంది: మందుల షాపులో రాయితీ రాదు, మాత్రలూ ఇన్సులినూ పూర్తి ధరకే కొనాలి. మనిషికొక దరఖాస్తు, భార్యాభర్తలకు కలిపి ఒకటి ఉండదు. వచ్చిన వారంలోనే పాద్రోన్‌లో నమోదు చేయించుకోవాలి, ఆలస్యమైతే ఏడాది లెక్క కూడా అంత ఆలస్యమవుతుంది.

థాయిలాండ్‌లో ఈ దారి లేదు. అక్కడి సార్వత్రిక ఆరోగ్య పథకం థాయ్ పౌరులకే. రిటైరై వెళ్లిన విదేశీయులు ప్రైవేటు ఇన్సూరెన్స్ మీదా సొంత డబ్బు మీదా బతకాలి. ప్రైవేటు ఆస్పత్రులు మంచివి, కానీ చేర్చుకునేముందు డిపాజిట్టో ఇన్సూరెన్స్ హామీయో అడుగుతాయి. ఎంత వయసొచ్చినా రెన్యువల్ ఆపని పాలసీ లేకపోతే అక్కడ 80వ ఏట పరిస్థితి ఏమిటన్నది ఇప్పుడే ఆలోచించాలి. రిటైర్మెంట్ వీసా కావాలంటే 3 మిలియన్ బాత్‌ల ఇన్సూరెన్స్ చూపించాలి.

---

నీలికొండ:

పై జవాబు చివరి వాక్యంలో ఒక చిన్న సవరణ. ఆ 3 మిలియన్ బాత్‌లు, అంటే లక్ష డాలర్ల షరతు ఓ-ఏ రకం వీసాకు. అది సొంత దేశంలోని థాయ్ ఎంబసీలో తీసుకునేది. ఓ రకం వీసా మీద వెళ్లి, అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో రిటైర్మెంట్ కింద ఏడాదికోసారి పొడిగించుకునేవాళ్లకు ఇన్సూరెన్స్ షరతు లేదు. 50 ఏళ్లు నిండి, థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు డిపాజిట్‌గానీ, నెలకు 65,000 బాత్‌ల ఆదాయంగానీ చూపించాలి. ఇన్సూరెన్స్ దొరకనివాళ్లు ఈ దారి పట్టడానికి కారణం అదే.

అయితే వీసా అడగలేదు కాబట్టి ఇన్సూరెన్స్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఆ 8 లక్షలు వీసా కోసం పక్కన పెట్టాల్సిన డబ్బు. పక్షవాతం వచ్చి రెండు వారాలు ఐసీయూలో ఉంటే ఆ సొమ్ము తీయాల్సివస్తుంది, అప్పుడు వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. వైద్యానికి వేరే ఖాతా, వీసాకు వేరే ఖాతా ఉండాలి.

---

షరతులరాయుడు:

ఇన్సూరెన్స్ ఎంపిక గురించి. అంతర్జాతీయ ఆరోగ్య పాలసీలకు ఒక ముఖ్య విభజన ఉంది. ఫుల్ అండర్‌రైటింగ్‌లో ముందే జబ్బులన్నీ చెబుతాం, కంపెనీ చదివి నిర్ణయం కాగితం మీద ఇస్తుంది: కొంత అదనపు ప్రీమియంతో కవర్ చేస్తాం, లేదా ఫలానా జబ్బుకు ఇవ్వం, లేదా అసలు పాలసీయే ఇవ్వం. మొరటోరియంలో ప్రశ్నలేమీ అడగరు. గత కొన్నేళ్లలో, సాధారణంగా ఐదేళ్లలో, ఉన్న జబ్బులన్నీ మొదట బయటే ఉంటాయి. పాలసీ తీసుకున్నాక వరసగా రెండేళ్లు ఆ జబ్బుకు లక్షణాలు, మందులు, డాక్టర్ సలహా ఏవీ లేకుండా గడిస్తేనే లోపలికి వస్తాయి.

పెదనాన్నగారికి మొరటోరియం పనికిరాదు. రోజూ ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఆ రెండేళ్లు ఎప్పటికీ పూర్తికావు, ప్రతి డోసుతో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఏది కవరవుతుందో ఏది కాదో క్లెయిమ్ పెట్టిన రోజుదాకా తెలియదు.

ఫుల్ అండర్‌రైటింగ్‌లో వచ్చే మినహాయింపు వాక్యాన్ని అక్షరం అక్షరం చదవాలి. ‘మధుమేహం’ అని మాత్రమే రాస్తే ఒక సంగతి, ‘మధుమేహం, తత్సంబంధిత వ్యాధులన్నీ’ అని రాస్తే ఇంకో సంగతి. రెండో రకంలో గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ, కంటి రెటీనా, కాలి పుండ్లు అన్నీ సంబంధితాలే అనొచ్చు. అంటే ఆ వయసులో అవసరమయ్యేవన్నీ బయటికి పోయినట్టే. ఏవేవి సంబంధితమో పేర్లు రాసివ్వమని కంపెనీని అడగండి. కొన్నిసార్లు గుండె జబ్బును మినహాయింపులోంచి తీసి, బదులుగా ప్రీమియం పెంచుతారు. అలా ఇస్తే తీసుకోవడమే మేలు.

దరఖాస్తు నింపేముందు ఇప్పటి డాక్టర్ దగ్గర పూర్తి మెడికల్ రికార్డు తెప్పించుకుని, దాన్ని ముందు పెట్టుకుని నింపండి. పెద్ద క్లెయిమ్ వస్తే కంపెనీ చేసే మొదటి పని ఆ రికార్డు తెప్పించుకోవడం. ఎప్పుడో ఒకసారి ఛాతీనొప్పని వెళ్లి ఈసీజీ తీయించుకుంటే, అది రికార్డులో ఉండి ఫారంలో లేకపోతే దాచారంటారు, పాలసీ రద్దు చేస్తారు. మరిచిపోవడానికీ దాచడానికీ వాళ్లు తేడా చూడరు.

మిగతావి క్లుప్తంగా. రెన్యువల్ జీవితాంతం గ్యారంటీ అని పాలసీలోనే ఉండాలి, ఏజెంటు మాట చాలదు. 70, 75, 80 ఏళ్లకు ప్రీమియం ఎంతో పట్టిక అడగండి, ఈ ఏడాది ధర ఒక్కటీ చూసి నిర్ణయించొద్దు. కవరేజీ ప్రాంతం ‘అమెరికా మినహా ప్రపంచమంతా’ అని పెట్టుకుంటే ప్రీమియం బాగా తగ్గుతుంది, పెదనాన్నగారికి అమెరికాలో మెడికేర్ ఎలాగూ ఉంటుంది, పెద్దమ్మగారికైతే 65 నిండాకే. డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారా, జబ్బుకొకసారా అన్నది చూసుకోవాలి, రెండోదైతే జేబుకు చిల్లే. డబ్బు పరిమితమైతే బయటి రోగి చికిత్స, పళ్లు, కళ్లద్దాలు వదిలేసి, ఆస్పత్రిలో చేరే ఖర్చులు, క్యాన్సర్, డయాలసిస్‌లను పెద్ద డిడక్టిబుల్‌తో తీసుకోండి. జ్వరానికి డాక్టర్ ఫీజు ఎవరైనా కట్టుకోగలరు.

---

వలసపక్షి:

చాలా ధన్యవాదాలండీ. ఒక ఏజెంటు మొరటోరియం పాలసీయే ‘ఏ పరీక్షలూ లేకుండా వెంటనే’ అని చెప్పాడు, ఆపేస్తాం. ఇంకో మాట. ఆరు నెలల ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుని, అయిపోయినప్పుడల్లా కొత్తది కొనుక్కుంటూ పోతే కుదరదా? చాలా చవక కదా.

---

షరతులరాయుడు:

కుదరదండీ. ట్రావెల్ పాలసీ రాసేదే సొంత దేశంలో ఇల్లు ఉండి తిరిగివెళ్లే మనిషికని. విదేశంలో నివాస పర్మిట్ ఉందని తేలితే క్లెయిమ్ కొట్టేయడానికి అదొక్కటి చాలు. అన్నీ సరిగ్గా ఉన్నా, ప్రాణాపాయం తప్పించి, ప్రయాణం చేయగల స్థితికి తెచ్చి ఇంటికి పంపడమే దాని పని. ఆ తర్వాతి బైపాసు, కీమో, ఫిజియోథెరపీ అందులో ఉండవు. పైగా ప్రతి కొత్త పాలసీకీ పాత పాలసీలో వచ్చిన జబ్బు ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ అవుతుంది. మార్చిలో క్యాన్సర్ తేలి జూన్‌లో పాలసీ ముగిస్తే, జూలై పాలసీ దానికి పైసా ఇవ్వదు.

కొత్త పాలసీ అమల్లోకి వచ్చిందని కాగితం చేతికందాకే పాతది ఆపాలి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ కూడా ఉంచొద్దు.

---

మందులచీటీ:

మందుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను మొదలుపెడతాను.

బ్రాండ్ పేరు సరిహద్దు దాటితే పనికిరాదు. ఒకే బ్రాండ్ పేరుతో రెండు దేశాల్లో రెండు వేరువేరు మందులు అమ్ముడయ్యే సందర్భాలున్నాయి. చీటీలో మందు అసలు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఏ జబ్బుకు అన్నది ఉండాలి. అసలు పేర్లు కూడా కొన్ని మారతాయి: అమెరికాలో అసిటమినోఫెన్ అనేది మిగతాచోట్ల పారాసిటమాల్, ఆల్బుటరాల్ అనేది సాల్బుటమాల్, గ్లైబురైడ్ అనేది గ్లిబెన్‌క్లమైడ్. ఇవి తెలియక ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు మింగడం ప్రమాదం.

గ్లార్జిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లది, 300 యూనిట్లది రెండు రకాలున్నాయి. ఇన్సులిన్ పెన్ను మీద ఏది రాసుందో ఫోటో తీసి ఉంచుకోండి. ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే డాక్టర్‌ను అడక్కుండా మారొద్దు, పనిచేసే తీరు వేరు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వాడకంలో ఉన్న పెన్ను గది వేడిమిలో సుమారు 28 రోజులు నిలుస్తుంది, 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. విమానంలో సామాను పెట్టెలో వేయొద్దు, చేతి సంచిలోనే ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించవచ్చు, కానీ పారేయాల్సిందే. ఐస్ ప్యాక్‌కు నేరుగా తగిలేలా పెట్టినా అదే జరుగుతుంది, మధ్యలో గుడ్డ చుట్టండి.

పెద్దమ్మగారి లెవోథైరాక్సిన్‌కు బ్రాండ్ మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. మైక్రోగ్రాముల అంకె ఒకటే అయినా ఒంటికి పట్టే తీరులో తేడా రావచ్చు.

రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: స్పెయిన్‌లో వార్ఫరిన్ బదులు అసెనోకుమరాల్ ఎక్కువ వాడతారు. మాత్రకు మాత్ర లెక్కన మార్చుకునేవి కావు ఇవి. మార్చిన రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) తరచుగా చూడాలి.

నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, ఏడీహెచ్‌డీ మందులు ఉంటే ఆ దేశపు ఎంబసీని ముందే అడగాలి. థాయిలాండ్‌లో మత్తు తరగతి మందులకు ముందస్తు అనుమతి, 30 రోజుల పరిమితి ఉన్నాయి. పోస్టులో తెప్పించుకుందామని ధీమాగా ఉండొద్దు, మందుల పార్సిళ్లు కస్టమ్స్‌లో ఆగిపోతాయి. మూడు నెలల మందు చేతిలో ఉంచుకుని, దిగిన మొదటి రెండు వారాల్లోనే అక్కడి డాక్టర్‌ను కలవడం మంచిది. మందు అయిపోయే వారంలో డాక్టర్ కోసం వెతుక్కోకూడదు.

రిపోర్టుల సంగతి. స్కానింగులు ఫిల్ము మీద కాదు, డైకామ్ అనే డిజిటల్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. పాత ఈసీజీ ఒకటి తప్పకుండా ఉండాలి. ఛాతీనొప్పితో వెళ్లినప్పుడు ఇది కొత్త మార్పా పాతదా అని డాక్టర్ పోల్చి చూసేది దాంతోనే. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వైపు వెళ్లేవాళ్లు కొలతలు మారతాయని గుర్తుంచుకోవాలి. అక్కడ షుగర్‌ను మిల్లీమోల్స్‌లో చెబుతారు, దాన్ని 18తో గుణిస్తే మనకు అలవాటైన అంకె వస్తుంది. అక్కడి 7 అంటే ఇక్కడి 126.

---

రెండుతీరాలు:

బ్రిటన్ పెన్షన్ మీద యూరప్‌లో స్థిరపడేవాళ్లు కూడా ఈ చర్చ చూస్తారు కాబట్టి ఒక మాట. వాళ్లకు ఎస్1 ఫారం దారి ఉంది: బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థకు చెందిన ఎన్‌హెచ్ఎస్ బిజినెస్ సర్వీసెస్ అథారిటీ నుంచి తెప్పించుకుని, వెళ్లిన దేశపు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో నమోదు చేయించాలి. అప్పుడు అక్కడి పౌరులతో సమానంగా వైద్యం, ఖర్చు బ్రిటన్ భరిస్తుంది. ఫారం చేతిలో ఉంటే చాలదు, అక్కడ నమోదు కాకపోతే అది కాగితమే. వెళ్లిన దేశం నుంచే ఇంకో పెన్షన్ కూడా వస్తుంటే ఎస్1 వర్తించదు, ఆ దేశానిదే బాధ్యత. బ్రిటన్ ఇచ్చే జీహెచ్ఐసీ ఆరోగ్య కార్డు తాత్కాలిక ప్రయాణాలకే, దాంతో కాపురం చేయలేరు. మీ పెదనాన్నగారికి వచ్చేది అమెరికా పెన్షన్ కాబట్టి ఈ దారి లేదు.

---

నీలికొండ:

అర్ధరాత్రి ఆస్పత్రి ప్రశ్న మిగిలింది. అంబులెన్సుకు స్పెయిన్‌లో 112, థాయిలాండ్‌లో 1669. అయితే ఏ ఆస్పత్రికి వెళ్లాలన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి: ఇంటికి దగ్గర్లో 24 గంటలూ యాంజియోప్లాస్టీ చేసేది ఏది, పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చేది ఏది, వాటిలో మన ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నది ఏది. ఆ ఇంజక్షన్‌కు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలే గడువు. అప్పుడు వెతుక్కుంటే కాలం చాలదు.

చేరగానే ఇంట్లో రెండో మనిషి చేయాల్సిన పని ఇన్సూరెన్స్ కంపెనీ 24 గంటల నంబరుకు ఫోన్. పాలసీ నంబరు, ఆస్పత్రి పేరు, చూస్తున్న డాక్టర్ పేరు చెప్పి ‘గ్యారంటీ ఆఫ్ పేమెంట్’ ఉత్తరం ఆస్పత్రి బిల్లింగుకు పంపమని అడగాలి. అది వచ్చేదాకా ఆస్పత్రి డిపాజిట్ అడుగుతుంది. అందుకే పరిమితి ఎక్కువున్న క్రెడిట్ కార్డు ఇద్దరి పేరుమీదా ఉండాలి, ఒక్కరి పేరుమీదే ఉంటే ఆయనే మంచం మీద ఉన్నప్పుడు రెండోవారికి దారి ఉండదు. చాలా పాలసీలు 24 లేదా 48 గంటల్లోపు సమాచారం ఇవ్వాలంటాయి, ఆలస్యమైతే క్లెయిమ్‌లో కోత పెడతాయి. ముందే అనుకున్న ఆపరేషన్‌కైతే కొన్ని రోజుల ముందే అనుమతి తీసుకోవాలి.

డిశ్చార్జ్ రోజున వివరాలతో కూడిన బిల్లు, జబ్బు పేరు రాసిన డిశ్చార్జ్ సమ్మరీ, చెల్లింపు రసీదులు ఇంగ్లీషులో తీసుకున్నాకే ఆస్పత్రి దాటండి. తర్వాత తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది, క్లెయిమ్ గడువేమో ఆగదు.

ఎయిర్ అంబులెన్స్ గురించి అపోహ ఎక్కువ. తరలింపు కవరేజీ అంటే సాధారణంగా తగిన చికిత్స దొరికే దగ్గరి ఆస్పత్రికి చేర్చడం, సొంత దేశానికి తీసుకెళ్లడం కాదు. అవసరమా లేదా అన్నది కంపెనీ డాక్టర్ నిర్ణయం. కుటుంబం సొంతంగా విమానం మాట్లాడుకుంటే ఆ డబ్బు తిరిగిరాదు.

---

లెక్కలపుస్తకం:

ఒక్కటి చేరుస్తాను. ఆస్పత్రి ఖర్చుకు ఇన్సూరెన్స్ ఉంటుంది, మంచానపడ్డాక స్నానం చేయించి అన్నం పెట్టే మనిషి ఖర్చుకు ఉండదు. మెడికేర్ అమెరికాలోనే అలాంటి సేవకు కట్టదు, అంతర్జాతీయ పాలసీలూ కట్టవు. స్పెయిన్‌లో ఆధారపడి బతికేవాళ్లకు సాయం చేసే చట్టం ఉంది. అందుకు ఐదేళ్ల నివాసం, అందులో దరఖాస్తుకు ముందు వరసగా రెండేళ్లు పూర్తయి ఉండాలి. 67లో వెళ్తే 72 దాకా సొంత డబ్బే.

మతిమరుపు జబ్బు వస్తే బ్యాంకు ఖాతా నడిపేందుకూ, చికిత్సకు ఒప్పుకునేందుకూ భార్యాభర్తలైనంత మాత్రాన అన్నిచోట్లా హక్కు ఉండదు. మన తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కును ఇంకొకరికిచ్చే పత్రాన్ని, అంటే అమెరికాలో రాయించిన డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీని, స్పెయిన్‌లో చూపించాలంటే అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసేది), స్పానిష్‌లో అధికారిక అనువాదం కావాలి. అన్నీ ఉన్నా అక్కడి బ్యాంకు తన పద్ధతిలోనిదే అడగొచ్చు, కాబట్టి స్పెయిన్ నోటరీ దగ్గర ఇంకోటి రాయించుకోవడం మేలు. థాయిలాండ్‌లో చివరి దశ చికిత్స వద్దనే రాతపత్రాన్ని 2007 నాటి జాతీయ ఆరోగ్య చట్టం గుర్తిస్తుంది. థాయ్ భాషలో ఒక ప్రతి ఆస్పత్రి ఫైల్లో పెట్టించాలి. ఇద్దరూ ఆరోగ్యంగా, సంతకం చేతికి వశమై ఉన్నప్పుడే, వెళ్లిన మొదటి ఆరు నెలల్లో ఈ కాగితాల పని ముగించమనండి.